వత్తి నేర్పిన నారుమడి

చీకటి పడిన తరువాత ఒక ప్రమిద వెలిగించి దాని వత్తిని కొంతసేపు గమనించుడి. నూనె ప్రమిద అడుగున నున్నది. మంట వత్తి కొనయందున్నది. నూనెను పైకి మోయువారెవరును లేరు. అయినను మంటకు కావలసినంత నూనె, కావలసిన వేళకు, తనంతట తానే పైకి ఎక్కుచున్నది. మన తల్లులు తరతరములుగా ఎరిగిన ఈ చిన్న సంగతిని ఆధారము చేసికొని, చేతి డబ్బు దాదాపు ఖర్చు కాకుండ, వసారాలోనే విత్తనములు మొలిపించి నారు పెంచుకొను ఉపాయమొకటి ఉన్నది. దానినే ఈ నెల మీకు వ్రాయుచున్నాను. ఇది పుస్తకములో చదివి వ్రాయుచున్నది కాదు. నేను కొన్నియేండ్లుగా మా యింటిలో నా చేతులతో చేయుచున్న పని.

మన నేలను గూర్చి మీకు నేను చెప్పనక్కరలేదు. అయినను ఒకమాట జ్ఞాపకము చేయుదును. అనంతపురము 1882లో బళ్లారి నుండి వేరుపడి జిల్లాగా ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా రెండై, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా పుట్టినది. కాగితము మీద గీతలు మారినవి గాని మన ఆకాశము మారలేదు. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదనే తమ నీటిని చాలవరకు కుమ్మరించి, మిగిలిన దానితో మన వైపు వచ్చును. ఈశాన్యపు మబ్బులు తూర్పు తీరమున కురిసి, ఇచ్చటికి చేరునప్పటికి అలసిపోవును. కాబట్టి ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే మన పాలు. ఆ కొద్దియు ఒక క్రమమున పడదు. ఒక వాన పడును. తరువాత ఇరువది దినములు ఆకాశము ఇనుప రేకువలె నుండును. మన ఎఱ్ఱనేల లోతు తక్కువ. త్రాగిన నీటిని ఎక్కువ కాలము దాచుకొనలేదు.

ఇట్టి చోట వాన వచ్చిన తరువాత విత్తనము వెదకువాడు ఒక వానను పోగొట్టుకొనును. వాన వచ్చు దినమునకే నారు చేతియందున్నవాడు ఆ వానను పట్టుకొనును. మృగశిర కార్తెలో నేల తడిసిన సాయంత్రమే మొక్క నాటవలెనన్నచో, రోహిణీ కార్తె ఎండలలోనే, లేక అంతకు ముందే, నారు పెంచియుండవలెను. కష్టమంతయు అచ్చటనే యున్నది. ఎండలు మండుచున్న ఆ దినములలో విత్తనమునకు ఆధారమైన మన్ను పైపైని అర అంగుళము మాత్రమే. ఉదయము తడిపినది మధ్యాహ్నమునకు పొడియగును. మొలక ఒక్కసారి ఎండినయెడల మరల నీరు పోసినను లేవదు. నిండు చెట్టు నాలుగు దినములు ఓర్చుకొనును. మొలక ఒక పూట కూడ ఓర్వలేదు.

మధ్యాహ్నము నీరు పోయుటకు ఇంటిలో ఎవరున్నారు? గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలములోని బండ్లపల్లెలోనే ప్రారంభింపబడినది. కూలిపని మీద బ్రదుకు నేలలో అది మొదలగుట వింత కాదు. మన తల్లులు తెల్లవారుజామున గంజి కాచి, పారయు గంపయు పట్టుకొని పోయినచో ఎండ వాలినగాని ఇంటికి రారు. పిల్లలు బడిలో నుందురు. ముసలివారు ఉన్నయెడల మోకాళ్లు రానియ్యవు.

మా వీధిలో భర్తను పోగొట్టుకొన్న ఒక తల్లి యున్నది. ఇద్దరు పిల్లలు. ఇంటి వెనుక నాలుగైదు సెంట్ల దొడ్డి. ఊరి చివర బోరు ఉన్న ఒక రైతు ఆమెకు కొంత నేలను కూరగాయలు వేసికొనుటకు ఇచ్చినాడు. ఆ ఏడు ఆమె రెండుసార్లు మిరప, టమోటా విత్తనములు కొని నారు పోసినది. రెండుసార్లును మొలిచినవి, రెండుసార్లును మాడినవి. రెండవసారి తెచ్చిన విత్తనము అప్పు మీద తెచ్చినది. మూడవసారి కూడ పోయినచో పిల్లలను అవ్వ యొద్ద విడిచి బెంగళూరులో ఇండ్లు కట్టు పనికి పోవలెనని ఆమె మనసులో అనుకొని యుండెను. మన పల్లెలలో ఆ మాటకు అర్థము ఎల్లరకును తెలిసినదే. తల్లి పోవును, బడి మానిన పెద్దపిల్ల చిన్నపిల్లవానికి తల్లి యగును.

ఆమె నాతో అన్న మాట నాకు ఇప్పటికిని వినబడుచున్నట్లున్నది. “అయ్యవారా, ఇత్తనం మొలుస్తాది. నేను పనికి పోయొచ్చేలోగా వాడిపోతాది. ఇంట్లో కడవ నిండా నీళ్లుండాయి. పోసేదానికే మనిషి లేదు.”

చదువరీ, ఈ మాటను నిదానముగా ఆలోచించుము. నీరు లేకపోవుట ఒక కరువు. నీరుండియు, అది పోవలసిన చోటికి పోవలసిన వేళకు పోకుండుట మరియొక కరువు. మొదటి దానిని తీర్చుట మన చేతిలో లేదు. రెండవ దానిని తీర్చుటకు ఒక పాత పంచె చాలును. ఎట్లో చెప్పెదను.

మన పెద్దలు చెరువు కట్టినప్పుడు ఏమి చేసిరి? అనంతపురము ప్రక్కనున్న బుక్కరాయసముద్రపు చెరువును చూచియుందురు. విజయనగరపు బుక్కరాయల కాలమున, పదునాలుగవ శతాబ్దమున కట్టినదని చెప్పుదురు. వాన వచ్చినప్పుడు నీటిని ఒకచోట నిలిపి, తూము గుండ కాలువకు వదలి, మడికి కావలసినంత అందించుటయే గదా దాని పని. మన నారు తట్టయు అట్టిదే. అడుగున నున్న తొట్టి చెరువు. నూలుగుడ్డ కాలువ. పైన నున్న చిప్పలు మళ్లు. భేదమొక్కటే: ఇచ్చట కాలువ పల్లమునకు గాక పైకి పారును.

అది పైకి పారుటకు కారణమిది. నూలు దారముల నడుమ వెంట్రుక కంటె సన్నని సందులుండును. నీరు దారమును అంటుకొనును; నీటి బొట్టు మరియొక బొట్టును పట్టుకొని లాగును. సందు ఎంత ఇరుకైన నీరు అంత ఎత్తుకు ఎక్కును. పైన మన్ను ఎండకు ఆరిన కొలది, వేరు త్రాగిన కొలది, క్రిందినుండి నీరు వచ్చును. మన్ను తడిగా నున్నప్పుడు రాక తగ్గును. చెంబు పట్టుకొన్న మనిషికి మొక్క దాహము ఎంతయో తెలియదు, వత్తికి తెలియును.

ఇక తట్ట చేయు విధము. ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాను పడుకోబెట్టి, పై ప్రక్కను కత్తితో కోసి తీసివేయుడి. మూత గట్టిగా బిగించుడి. అది తొట్టి యగును. అది లేనియెడల పాత ప్లాస్టిక్ బేసిన్ గాని, మూతి పగిలిన బిందె అడుగు భాగము గాని చాలును. నీరు కారకుండిన చాలును. దానిమీద అడ్డముగా ఒక పలక పెట్టుడి. తాడిపత్రి నాపబండ ముక్క మన ప్రాంతములో దొరకని ఊరు అరుదు. లేనియెడల చెక్క ముక్కయైనను సరే. పలకకును నీటికిని నడుమ ఎడము నాలుగు వ్రేళ్లకు మించరాదు. అంతకంటె ఎక్కువైనచో ఎండకాలమున గుడ్డ పైకి తెచ్చు నీరు చాలదు.

గుడ్డ సంగతి ముఖ్యము. ధర్మవరపు పట్టు అక్కరలేదు. చాలసార్లు ఉతికిన నూలు పంచె, నూలు చీర, పాత తువాలు శ్రేష్ఠము. టెరికాట్, నైలాన్ వంటివి పనికిరావు. క్రొత్త నూలుగుడ్డ కూడ వెంటనే నీటిని పీల్చదు. దానియందు గంజియు జిడ్డును ఉండును. చాకలి సోడా వేసిన నీటిలో ఉడికించి, మంచినీటిలో రెండుసార్లు జాడించి వాడుడి. గుడ్డ మంచిదో కాదో తెలిసికొనుటకు ఒక పేలికను వ్రేలాడదీసి దాని కొన నీటిలో ముంచుడి. కొంతసేపటిలో తడి నాలుగు వ్రేళ్ల ఎత్తు ఎక్కినయెడల అది మంచి గుడ్డ. దానిని పలకమీద రెండు మడతలుగా పరచి, రెండు కొనలును తొట్టి నీటిలో అడుగువరకు వ్రేలాడునట్లు విడువుడి.

పైన పెట్టు చిప్పలకు కొబ్బరి చిప్పలు చాల మంచివి. కంటి దగ్గర మేకుతో రంధ్రము చేయుడి. టీ త్రాగి పారవేసిన కాగితపు కప్పులును పనికివచ్చును. ప్రతి చిప్పకును వ్రేలెడు పొడవు గల చిన్న వత్తి వేయవలెను. సగము లోపలి మన్నులో నిలువుగా, సగము బయట తడిగుడ్డమీద పరచియుండవలెను. చిప్ప అడుగు గుండ్రముగా నుండుటచేత మన్ను గుడ్డను తాకదు. వత్తి లేనియెడల కాలువ తెగినట్లే.

మన్ను కొరకు జల్లెడ పట్టిన ఎఱ్ఱమన్ను ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, నానబెట్టిన కొబ్బరిపీచు పొడి ఒక పాలు కలుపుడి. నర్సరీలవారు చిన్న చిన్న గుంటలుగల ప్లాస్టిక్ తట్టలలో వాడునది ఈ పీచుపొడియే. అది దొరకనిచో సన్న ఇసుక వాడుడి. ఒట్టి నల్లరేగడి బురదయై వేరును ఊపిరాడనియ్యదు. ఒట్టి ముతక ఇసుక నీటిని పైకి ఎక్కనియ్యదు. చిప్పలు నింపిన తరువాత మొదటిసారి మాత్రము పైనుండి మెల్లగా నీరు పోసి మన్నంతయు తడుపుడి. ఈ పని మానరాదు. ఎండిన మన్నులోనికి వత్తి నీటిని ఎక్కించలేదు. తడికి తడి కలిసినప్పుడే నడక మొదలగును.

విత్తనమును దాని మందమునకు రెండు మూడింతల లోతున వేసి, పైన తడిపిన గోనెపట్టా కప్పుడి. టమోటా ఐదు మొదలు ఎనిమిది దినములలో, మిరపయు వంగయు వారము మొదలు పది పండ్రెండు దినములలో మొలచును. మొదటి మొలక కనబడిన దినముననే గోనె తీసివేయుడి. తరువాత తట్టకు ఉదయపు ఎండ తగలవలెను, మధ్యాహ్నము నీడ ఉండవలెను. వేపచెట్టు క్రింద తూర్పువైపు గాని, తూర్పు ముఖపు వసారా గాని తగిన చోటు. చీకటి గదిలో పెట్టినయెడల మొలకలు వెలుగు కొరకు మెడలు చాచి, సన్నబడి పడిపోవును.

మా యింట చెంబుతో పైనుండి పోసినప్పుడు ఇరువది చిప్పలకు దినమునకు రెండు చెంబులు పట్టుచుండెను; అందులో చాల భాగము నేలపాలు. తట్ట పెట్టిన తరువాత తొట్టిలో పోసిన నాలుగు చెంబులు నాలుగైదు దినములు వచ్చుచున్నవి. బిందె తలమీద పెట్టుకొని నడచిన తల్లికి ఈ లెక్క యొక్క విలువ తెలియును.

బొప్పాయి, మునగ, బీర, సొర వంటి పెద్ద విత్తనములకు ఒక సీసాయే చాలును. లీటరు నీళ్ల సీసాను నడిమికి కోయుడి. మూతకు రంధ్రము చేసి వత్తి దూర్చి, మూతిగల సగమును తలక్రిందుగా రెండవ సగములో దించుడి. క్రింద నీరు, పైన మన్ను. బీర, సొర జాతికి వేరు కదలుట గిట్టదు గనుక రెండు మూడు ఆకులు రాగానే మన్నుతోకూడ నాటవలెను. వేరుసెనగ, జొన్న, కంది మొదలగువాటికి ఈ తట్ట అక్కరలేదు. వాటి చోటు చేనే.

సీసాలు, డబ్బాలు దొరకనివారికి కుమ్మరి చేసిన మట్టిపాత్రలే శరణ్యము. వెడల్పైన మూకుడు నడుమ నున్నగా రంగు పూయని క్రొత్త చిన్నకుండను మెడవరకు పాతి, చుట్టు మన్ను నింపి విత్తనములు చల్లుడి. కుండలో నీరు పోసి మూత పెట్టుడి. కుండ చెమర్చుచు చుట్టునున్న మన్నును తడుపును. ఇది క్రొత్త విద్య కాదు. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున చైనా దేశమందు ఫాన్ షెంగ్జీ అను ఆయన వ్రాసిన వ్యవసాయ గ్రంథములోనే కుండ పాతి దోస జాతి పాదులు పెంచు విధానము చెప్పబడినది. మన రైతులును మామిడి మొక్క పాదులో కుండ పాతి బ్రదికించుట మీరు చూచియుందురు.

మూడు హెచ్చరికలు చెప్పి ముగింతును. మొదటిది, నారుకుళ్లు. మన్ను ఎల్లప్పుడు బురదగా నుండినచో మొలక మొదలు నల్లబడి, దారమువలె సన్నబడి, ప్రక్కకు ఒరిగిపోవును. నీటిలో పెరుగు బూజు దీనికి కారణము. చిప్ప అడుగు ఎన్నడును నీటిలో మునగరాదు. పలకమీద పొడవుగా నీరు నిలువరాదు. విత్తనములు గుంపుగా చల్లరాదు, గాలి ఆడవలెను. రెండవది, ఉప్పు. మన బోర్ల నీరు చాలచోట్ల చౌడు నీరు. క్రిందినుండి ఎక్కిన నీరు ఆవిరియై పోవును గాని, ఉప్పు పైననే మిగిలి తెల్లని పొరగా పేరుకొనును. వారమునకొకసారి చిప్పలను ప్రక్కకు తీసి, పైనుండి మంచినీరు పోసి క్రిందికి కార్చివేయుడి. వాననీరు పట్టినదున్నచో అది శ్రేష్ఠము. మూడవది, దోమ. డెంగ్యూ తెచ్చు దోమ నిలువ నీటిలోనే గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో అవి రెక్కలు తొడుగును. కాబట్టి పలకయు గుడ్డయు కప్పని సందులను పాత గుడ్డతో మూసి, వారమునకొకసారి తొట్టిలో మిగిలిన నీటిని చెట్టు మొదట పారబోసి, తొట్టిని తోమి నింపుడి. మొక్కకు మేలు చేయబోయి పసిబిడ్డకు జ్వరము తేరాదు గదా.

టమోటా నారు సుమారు ఇరువదియైదు దినములకు, వంగ ముప్పది దాటిన తరువాత, మిరప ముప్పదియైదు నలువది దినములకు నాటుటకు వచ్చును. నాటుటకు వారము ముందుగా తొట్టిలో నీరు తగ్గించి, దినదినము ఎండ కొంచెము ఎక్కువ చూపుడి. సుఖములో పెరిగిన నారును ఒక్కసారిగా చేనిలో నిలువబెట్టరాదు. సాయంత్రము నాటి, మొదట చెత్తయో ఆకులో కప్పుడి. ఈ తట్ట కరువును జయించునని నేను చెప్పుట లేదు. నాటిన తరువాత మొక్కకు నీరు కావలసినదే. ఇది చేయునది ఒక్కటే: కొన్న విత్తనము మాడకుండ చేతికి నారు అందించుట.

మా వీధి తల్లి మూడవసారి ఈ విధముగానే నారు పోసినది. ఐదు నూనె డబ్బాలు, ఊరి టీ అంగడిలో ఏరిన కప్పులు, ఆమె భర్త విడిచిపోయిన రెండు పంచెలు. పంచెలు కోయునప్పుడు ఆమె కొంతసేపు కత్తెర పట్టుకొని ఊరకుండెను. తరువాత తానే కోసెను. ఉదయము పనికి పోవుటకు ముందు తొట్టి చూచుట, సాయంత్రము వచ్చి చూచుట, అంతే. నూరు విత్తనములకు దాదాపు ఎనుబది నాటుటకు వచ్చినవి. ఆ ఏడు కక్కలపల్లి మార్కెట్టులో టమోటా ధర పడిపోయినది. దానివలన ఆమెకు పెద్దగా మిగిలినది లేదు. మిరపయు వంగయు ఇల్లు గడిపినవి, విత్తనపు అప్పు తీర్చినవి. ఆమె బెంగళూరు పోలేదు. పెద్దపిల్ల బడి మానలేదు. మరుసటి ఏడు ఆమె నారు పెంచి వీధివారికి అమ్మినది.

పారవేసిన వస్తువులతో పని యేమగునని అడుగువారికి జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గారి సంగతి చెప్పుచుందును. అమెరికాలో బానిస తల్లికి పుట్టిన ఆయన 1896లో అలబామా రాష్ట్రపు టస్కీగీ విద్యాలయమునకు ఉపాధ్యాయుడుగా వచ్చినప్పుడు ప్రయోగశాలకు సామాను లేదు. విద్యార్థులను వెంటబెట్టుకొని చెత్తకుప్పలలో సీసాలు, డబ్బాలు, తీగలు ఏరి తెచ్చి వాటితోనే ప్రయోగశాల నిలిపెను. ప్రత్తి వేసి వేసి సారము చచ్చిన నేలలుగల పేద రైతులకు వేరుసెనగ వేయుడని నేర్పినవారిలో ఆయన ఒకరు. 1943లో మరణించువరకు ఆయన అచ్చటనే పనిచేసెను. శెనక్కాయలు పండించు మన జిల్లావారు ఆయన పేరు ఎరుగుట తగును.

కాబట్టి ప్రియులారా, ఈ రోహిణీ కార్తెకు ముందుగానే ఒక తొట్టి, ఒక పలక, ఒక పంచె ముక్క, పది చిప్పలు సమకూర్చుకొనుడి. మొదట పది విత్తనములే వేసి చూడుడి. గుడ్డను పిల్లలచేత పరీక్ష చేయించుడి. వారు ఆనందింతురు, ఎన్నడును మరువరు. మీకు అక్కరకు మించిన నారు ఉన్నయెడల ఆదివారము గుడికి వచ్చునప్పుడు తెండి, లేనివారు కొనిపోవుదురు. వానకు ఇంకను కొన్ని దినములున్నవి. మిరప విత్తనము ఈ వారమే వేయుడి. దానికి నలువది దినములు పట్టును.